సింగిల్ యాక్షన్ రివాల్వర్ పిడి: రూపాలు, పనితీరు, ఎంపిక

నిర్వచనం

సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే. బొటనవేలితో వెనక్కి లాగి నిలిపిన హ్యామర్‌ను అది వదిలిపెడుతుంది. ప్రతి తూటాకూ ముందు హ్యామర్‌ను చేత్తో ఎక్కించాలి. ఆ కదలికతోనే సిలిండరు ఒక గది తిరిగి, కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ తనంతట తానే లేచి పడుతుంది కాబట్టి చేతిపట్టు మారనక్కర లేదు. సింగిల్ యాక్షన్‌లో అలా కుదరదు. తూటా పేలిన ప్రతిసారీ బొటనవేలు పట్టు వదిలి హ్యామర్ దాకా వెళ్లి తిరిగి రావాలి.

అందువల్ల ఈ తరహా రివాల్వర్ పిడి మీద రెండు బాధ్యతలు పడతాయి. ఒకటి, పేలుడు తన్నును అరచేతికి ఓర్చుకోగలిగేలా అందించడం. రెండోది, బొటనవేలిని హ్యామర్‌కు చేరువ చేయడం. ఒక దానికి అనుకూలించే వంపు రెండో దానికి అడ్డు రావచ్చు. దాదాపు రెండు శతాబ్దాలుగా వచ్చిన పిడి రూపాలన్నీ ఈ రెంటి మధ్య కుదుర్చుకున్న వేర్వేరు ఒప్పందాలే. పిడిని ఎంచుకునేవారు చెక్క రంగునూ చెక్కడాన్నీ చూసేముందు తమ అరచేతినీ, తాము వాడబోయే తూటా బలాన్నీ చూడవలసింది ఇందుకే.

పిడి భాగాలు

పిడికి ఆకారమిచ్చేది చెక్క కాదు, దాని లోపలి లోహపు చట్రం. దీన్ని గ్రిప్ ఫ్రేము అంటారు. చట్రంలో అరచేతికి ఆనే వెనుక పట్టీని బ్యాక్‌స్ట్రాప్ అనీ, వేళ్లు చుట్టుకునే ముందు పట్టీని ఫ్రంట్‌స్ట్రాప్ అనీ పిలుస్తారు. ఫ్రంట్‌స్ట్రాప్ పైభాగం ట్రిగ్గర్ గార్డుతో కలిసిపోతుంది. ఈ రెండు పట్టీల నడుమ ఖాళీని నింపేవే పిడి పలకలు. పిడి అడుగు భాగాన్ని బట్ అంటారు.

1873 నాటి కోల్ట్ పద్ధతిలో బ్యాక్‌స్ట్రాప్ ఒక ముక్క, ట్రిగ్గర్ గార్డుతో కలిసిన ఫ్రంట్‌స్ట్రాప్ మరో ముక్క. మొత్తం ఆరు మరలు వీటిని తుపాకీ చట్రానికీ, ఒకదానికొకటికీ బిగిస్తాయి. రూగర్ కంపెనీ బ్లాక్‌హాక్ వర్గంలో గ్రిప్ ఫ్రేము మొత్తం ఒకే పోత ముక్క. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, పిడి మార్చాలనుకున్నప్పుడు దాని ప్రభావం తెలుస్తుంది (చూ. బిగింపు, మార్పిడి).

చరిత్ర

పాటర్సన్ నుంచి నేవీ దాకా

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్‌కు పేటెంటు పొంది, న్యూజెర్సీ రాష్ట్రం పాటర్సన్‌లో తయారీ మొదలుపెట్టాడు. ఆ తొలి తుపాకుల పిడి అడుగున వెడల్పుగా విచ్చుకుని ఉండేది. ట్రిగ్గర్ గార్డు లేదు. హ్యామర్ ఎక్కించినప్పుడే ట్రిగ్గర్ బయటికి దిగేది. 1847లో టెక్సస్ రేంజరు దళాధికారి శామ్యూల్ వాకర్ సూచనలతో వచ్చిన వాకర్ నమూనా బరువు రెండు కిలోల పైమాటే. గుర్రం జీనుకు తగిలించిన తోలు ఒరలో మోయడానికి ఉద్దేశించిన ఆయుధం అది. దాని తర్వాత వచ్చిన డ్రాగూన్ నమూనాలు కొంత తేలికపడ్డాయి గాని, నడుముకు కట్టుకు తిరిగేవి మాత్రం కావు.

పిడి చరిత్రలో అసలు మలుపు 1851 నేవీ నమూనా. .36 క్యాలిబర్‌లో, నడుము పట్టీకి తగిలించుకునే బరువులో వచ్చిన ఈ రివాల్వర్ పిడి సన్నగా మొదలై, వెనక్కి వంగి, అడుగున కొద్దిగా విచ్చుకునేది. అమెరికా పశ్చిమ ప్రాంతపు తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్ ఏనుగు దంతపు పలకలున్న నేవీ రివాల్వర్ల జతను వెంట ఉంచుకునేవాడు. 1860 ఆర్మీ నమూనా .44 క్యాలిబర్‌ది. తన్ను పెరిగింది కాబట్టి కోల్ట్ అదే వంపును కాస్త పొడిగించాడు. నేవీ పిడి కంటే ఆర్మీ పిడి అర సెంటీమీటరుకు పైగా పొడవు. ఈ కాస్త తేడాతోనే పెద్ద చేతివారికి నాలుగు వేళ్లూ పట్టే చోటు దొరికింది.

1873: సింగిల్ యాక్షన్ ఆర్మీ

లోహపు తూటాల కాలం వచ్చాక అమెరికా సైన్యం 1873లో కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీని, అంటే ‘పీస్‌మేకర్’గా పేరుపడ్డ .45 క్యాలిబర్ రివాల్వర్‌ను, స్వీకరించింది. దానికి పొడవైన ఆర్మీ పిడిని కాక 1851 నేవీ పిడి వంపునే దాదాపు యథాతథంగా అమర్చారు. ఈ నిర్ణయం ప్రభావం నేటికీ ఉంది. ప్రపంచంలో ‘సింగిల్ యాక్షన్ పిడి’ అనగానే గుర్తొచ్చే ఆకారం ఇదే. అమెరికన్లు దీన్ని నాగలి పిడి అంటారు.

సైన్యానికిచ్చిన తుపాకులకు నూనె పట్టించిన వాల్‌నట్ చెక్క పిడి ఉండేది. 1880ల నుంచి పౌరులకు అమ్మే తుపాకులకు గట్టి రబ్బరు, అంటే ఎబొనైట్, పలకలు వచ్చాయి. ఈ నమూనా మొదటి విడత తయారీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆగింది. టెలివిజన్‌లో, సినిమాల్లో పాశ్చాత్య కథలకు గిరాకీ పెరగడంతో 1956లో మళ్లీ మొదలైంది.

స్మిత్ అండ్ వెసన్ మార్గం

ఇదే కాలంలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 3 మరో దారి పట్టింది. 1870లో వచ్చిన ఈ రివాల్వర్ నడిమికి విరుగుతుంది. ఖాళీ తూటా గుల్లలన్నీ ఒకేసారి బయటపడతాయి. రష్యా సామ్రాజ్య సైన్యం కోసం మార్చిన రూపంలో బ్యాక్‌స్ట్రాప్ పైభాగాన ప్రస్ఫుటమైన కణుపు పెట్టారు. తన్నుకు పిడి అరచేతిలో పైకి జారకుండా ఆ కణుపు బొటనవేలి మూలాన్ని ఆపుతుంది. ట్రిగ్గర్ గార్డు కింద మధ్యవేలికి ఆనుకునే కొక్కెం కూడా ఉండేది. కోల్ట్ పిడి జారడాన్ని వాడుకుంది (చూ. పనితీరు). రష్యన్ పిడి జారడాన్ని నిరోధించింది. రెండింటి మధ్య ఈ మౌలిక భేదం తర్వాతి రూపాలన్నిటిలోనూ ఏదో ఒక మోతాదులో కనిపిస్తుంది.

బిస్లీ

ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతపు బిస్లీ గ్రామంలో బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు 1890 నుంచి కాల్పుల మైదానం ఉంది. అక్కడి గురిపోటీలను దృష్టిలో పెట్టుకుని కోల్ట్ 1894లో బిస్లీ నమూనాను తెచ్చింది. పిడి పొడవైంది. బ్యాక్‌స్ట్రాప్ ట్రిగ్గర్ వెనక ఎత్తుకు ఎగబాకి, అక్కడి నుంచి బాగా వంగి దిగుతుంది. హ్యామర్ కొన వెడల్పై, కిందికి దిగింది. ట్రిగ్గర్ కూడా వెడల్పుగా, ఎక్కువ వంపుతో తయారైంది. ఒంటిచేత్తో, చెయ్యి బారచాచి, నెమ్మదిగా గురిచూసి కాల్చేవారికి చేసిన పిడి ఇది. 1910ల మధ్య నాటికి కోల్ట్ దీన్ని అమ్మడం మానేసింది. ఆ వంపులోని ఆలోచన మాత్రం ఆగలేదు.

కీత్ ప్రయోగం

ఇడహో రాష్ట్రంలో పశుపాలకుడిగా, వేట రచయితగా పేరుపడ్డ ఎల్మర్ కీత్, హెరాల్డ్ క్రాఫ్ట్ చేయించిన ప్రయోగాత్మక రివాల్వర్లను చూసి, తనకు కావలసిన పిడిని కట్టించుకున్నాడు. బిస్లీ బ్యాక్‌స్ట్రాప్‌ను మలచి, సింగిల్ యాక్షన్ ఆర్మీ ముందు పట్టీతో జతచేశారు. ‘నంబర్ ఫైవ్’ అని పిలిచే ఆ రివాల్వర్ గురించి అతను 1929లో ‘అమెరికన్ రైఫిల్‌మాన్’ పత్రికలో రాశాడు. నాగలి పిడి అందుబాటునూ బిస్లీ అదుపునూ కలపాలన్న ప్రయత్నాలన్నిటికీ ఇది మూలం. ఫ్యాక్టరీ ఇచ్చినదానితో సరిపెట్టుకోకుండా పిడిని చేతికి తగ్గట్టు కట్టించుకోవచ్చన్న నమ్మకం అమెరికన్ కాల్పరులలో బలపడడానికి ఆ వ్యాసం దోహదం చేసింది.

రూగర్, ఆపైన

విలియం రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ 1949లో స్థాపించిన స్టర్మ్ రూగర్ కంపెనీ 1953లో .22 క్యాలిబర్ సింగిల్ సిక్స్‌ను, 1955లో .357 మ్యాగ్నమ్ బ్లాక్‌హాక్‌ను తెచ్చింది. మొదటి గ్రిప్ ఫ్రేము, సేకరణకర్తలు ఎక్స్‌ఆర్3 అనేది, కోల్ట్ 1873 కొలతలకు చాలా దగ్గర. 1960ల తొలినాళ్లలో దాని స్థానంలో వచ్చిన ఎక్స్‌ఆర్3‌-రెడ్ చట్రంలో ట్రిగ్గర్ గార్డు వెనక వేలికణుపులకు ఎక్కువ చోటు దొరికింది. ఈ రెండు రూగర్ చట్రాల మధ్య తేడా కంటికి ఆనదు, చేతికి తెలుస్తుంది. .44 మ్యాగ్నమ్ వచ్చాక పాత పిడి చాలదని తేలి, 1959లో సూపర్ బ్లాక్‌హాక్‌కు పాత డ్రాగూన్ పోలికతో పొడవైన ఉక్కు పిడిని, వెనకవైపు చతురస్రపు ట్రిగ్గర్ గార్డును ఇచ్చారు.

1980లలో రూగర్ తన సొంత బిస్లీ పిడిని విడుదల చేసింది. పేరు కోల్ట్‌దే అయినా ఆకారం వేరు. ఇది నిటారుగా, పైన నిండుగా ఉండి, కీత్ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. అదే దశాబ్దంలో వయోమింగ్ రాష్ట్రపు ఫ్రీడమ్ ఆర్మ్స్ కంపెనీ, డిక్ కసూల్ రూపకల్పన చేసిన .454 కసూల్ తూటాకు తగిన రివాల్వర్‌ను 1983లో తెచ్చింది. సింగిల్ యాక్షన్ వంపు అత్యంత బలమైన తన్నును కూడా ఓర్చుకోగలదని అది చూపించింది. 1993లో వచ్చిన వకేరో, దాని వారసుడిగా 2005లో వచ్చిన న్యూ వకేరో కౌబాయ్ కాల్పుల పోటీల గిరాకీని దృష్టిలో పెట్టుకున్నవి. వీటిలో రెండోది పాత కోల్ట్ పరిమాణానికి మళ్లీ దగ్గరైంది.

పనితీరు

గుండు గొట్టంలో ముందుకు దూసుకుపోతుంటే తుపాకీ అంతే బలంతో వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను గొట్టం అక్షం మీదుగా వస్తుంది. దాన్ని ఆపే చెయ్యి మాత్రం ఆ అక్షానికి కింద ఉంటుంది. ఈ ఎత్తు తేడా వల్ల తుపాకీ వెనక్కి రావడంతో పాటు పైకి తిరుగుతుంది. చెయ్యి గొట్టానికి ఎంత దిగువన ఉంటే ఆ తిరుగుడు అంత ఎక్కువ. బరువైన తుపాకీ నెమ్మదిగా కదులుతుంది. తేలికైనది గబుక్కున లేస్తుంది.

నాగలి పిడి ఈ తిరుగుడుకు అడ్డుచెప్పదు. సన్నని పైభాగం, ఎక్కడా ఆగని వెనుక వంపు అరచేతిలో మెల్లగా జారుతూ మూతిని పైకి లేపుతాయి. తన్ను ఒక్కచోట గుద్దకుండా కదలికగా ఖర్చవుతుంది. పిడి జారి ఆగే చోటికి హ్యామర్ కొన బొటనవేలి కిందికి వచ్చి ఉంటుంది. మూతిని తిరిగి దించే కదలికలోనే హ్యామర్ ఎక్కుతుంది. 1873 నాటి .45 తూటాతో, ఒంటిచేత్తో కాల్చినప్పుడు ఈ లయ సహజంగా కుదురుతుంది. ఈ ఆకారం ఇంతకాలం నిలవడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు, ఈ పని కూడా.

తూటా బలం పెరిగేకొద్దీ ఇదే గుణం దోషమవుతుంది. జారుడు వేగం పెరిగి హ్యామర్ కొన బొటనవేలి, చూపుడువేలి నడుమ చర్మాన్ని కొడుతుంది. తిరిగే తుపాకీతో పాటు ట్రిగ్గర్ గార్డు వెనుక భాగం మధ్యవేలి కణుపును దెబ్బతీస్తుంది. సూపర్ బ్లాక్‌హాక్ చతురస్రపు గార్డు మీద వచ్చే ఫిర్యాదు ముఖ్యంగా ఇదే. మరో చిక్కు ఏమిటంటే, పిడి జారిన ప్రతిసారీ చెయ్యి తిరిగి అదే చోట కుదురుకోకపోవచ్చు. అప్పుడు రెండో గుండు మొదటిదాని పక్కన పడదు.

బిస్లీ వర్గపు పిడిలో అరచెయ్యి గొట్టానికి మరింత దగ్గరగా ఎక్కుతుంది. పైభాగం నిండుగా ఉండడం వల్ల తన్ను విశాలమైన చోటు మీద పడుతుంది. తిరుగుడు తగ్గి, తోపు నేరుగా వెనక్కి వస్తుంది. దీన్ని కొందరు హాయిగా భావిస్తారు. కొందరికి మాత్రం అరచేతిలోకి నేరుగా దిగే ఆ తోపే ఇబ్బంది. శరీర నిర్మాణం, మణికట్టు బలం, అలవాటు వేర్వేరుగా ఉన్నందువల్ల ఈ విషయంలో అందరికీ వర్తించే తీర్పు లేదు. .44 మ్యాగ్నమ్‌ను మించిన తూటాల విషయంలో మాత్రం అనుభవజ్ఞుల్లో ఎక్కువమంది బిస్లీ వైపో, ఫ్రీడమ్ ఆర్మ్స్ తరహా వంపు వైపో మొగ్గుతారు.

ముఖ్య రూపాలు

నాగలి పిడి. 1851 నేవీ నుంచి 1873 కోల్ట్ దాకా వచ్చిన వంపు. ఇటలీలోని ఊబర్టీ, పియెట్టా కంపెనీల ప్రతిరూపాలు, రూగర్ న్యూ వకేరో దీన్నే అనుసరిస్తాయి. మధ్యస్థమైన అరచేతికి చాలు. పెద్ద చేతివారికి చిటికెనవేలికి చోటు మిగలదు. దాన్ని పిడి అడుగున మడిచి ఆనించడం పాత పద్ధతి. చూడడానికి అసంపూర్ణమైన పట్టులా ఉన్నా, అడుగున ఉన్న చిటికెనవేలు పిడి కిందికి జారకుండా ఆపుతుంది. చాలామంది కాల్పరులు దీన్నే కావాలని పాటిస్తారు.

ఆర్మీ పిడి. 1860 నమూనా పొడవుతో, అదే వంపుతో ఉంటుంది. నాలుగు వేళ్లూ పడతాయి. 1870ల తొలినాళ్ల ఓపెన్ టాప్ రివాల్వర్ల ప్రతిరూపాల్లోనూ, కొన్ని 1873 ప్రతిరూపాలకు విడిగా దొరికే చట్రాల్లోనూ కనిపిస్తుంది. కోల్ట్ వంపు నచ్చి, పొడవు చాలదనుకునేవారికి ఇది మొదటి ప్రత్యామ్నాయం. దీనికి రావలసినంత ప్రచారం రాలేదు.

డ్రాగూన్ తరహా పొడవు పిడి. సూపర్ బ్లాక్‌హాక్‌ది. పొడవు, ఉక్కు బరువు రెండూ తన్నును తగ్గిస్తాయి. కణుపు దెబ్బ సమస్యకు విరుగుడుగా గుండ్రని గార్డు ఉన్న రూపాలూ వచ్చాయి.

బిస్లీ పిడి. కోల్ట్, రూగర్ రూపాలు వేర్వేరని గుర్తుంచుకోవాలి. సాధారణంగా ఈ పిడితో పాటు కిందికి దిగిన వెడల్పు హ్యామర్ కూడా వస్తుంది. పిడి ఎత్తుకు ఎక్కడం వల్ల బొటనవేలు పైకి చేరే దూరం పెరగకుండా ఈ ఏర్పాటు. జాన్ లైన్‌బా వంటి తుపాకీ నిపుణులు భారీ క్యాలిబర్లకు మార్చిన రివాల్వర్లకు రూగర్ బిస్లీ చట్రాన్ని విరివిగా వాడారు.

పక్షితల పిడి. అడుగు భాగం పదునైన అంచు లేకుండా గుండ్రంగా ముగుస్తుంది. 1877 నాటి కోల్ట్ డబుల్ యాక్షన్ నమూనాల నుంచి ఈ రూపం సింగిల్ యాక్షన్‌కు వచ్చింది. కోటు కింద బయటికి పొడుచుకు కనిపించదు, బట్టకు తగులుకోదు. పొట్టి గొట్టం రివాల్వర్లకు నప్పుతుంది. చేతికి దొరికే ఆసరా తక్కువ కాబట్టి బలమైన తూటాలకు అనుకూలం కాదు.

చిన్న పిడి. రూగర్ 1958లో తెచ్చిన .22 క్యాలిబర్ బేర్‌క్యాట్ వంటి తుపాకులది. తన్ను దాదాపు లేని తూటా కాబట్టి ఇక్కడ చూడవలసింది చేతి పరిమాణం ఒక్కటే.

ఎంపిక

ఎంపికలో మొదటి ప్రశ్న చేతిది. ఖాళీ అని రెండుసార్లు సరిచూసుకున్న తుపాకీని మామూలుగా పట్టుకున్నప్పుడు గొట్టం ముంజేతికి సూటిగా నిలవాలి. అలా ఉండగా చూపుడువేలి మొదటి కణుపు మెత్తభాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందక చెయ్యి పక్కకు తిరిగితే పిడి లావెక్కువైనట్టు. వేలు ట్రిగ్గర్ దాటి లోపలికి పోతే పిడి సన్నమైనట్టు. సింగిల్ యాక్షన్‌లో హ్యామర్ ఎక్కినప్పుడు ట్రిగ్గర్ కొంత వెనక్కి వస్తుంది కాబట్టి ఈ పరీక్షను హ్యామర్ ఎక్కించి, సురక్షిత దిశలో పట్టుకుని చేయాలి.

తర్వాత మధ్యవేలు. దాని కణుపుకీ ట్రిగ్గర్ గార్డు వెనుక భాగానికీ నడుమ కాస్త ఖాళీ ఉండాలి. దుకాణంలో ఒత్తుకోని చోటు కూడా యాభై తూటాల తర్వాత వాచవచ్చు. ఇక్కడ ఖాళీ చాలనివారు లావు పలకలు వేస్తే ఉపయోగం ఉండదు. వేరే గ్రిప్ ఫ్రేము కావాలి, లేదా ఆ ఖాళీని నింపి వేలిని కిందికి దించే ప్రత్యేక పిడి కావాలి. పలకల లావుతో తీరే సమస్య వేరు, చట్రం వంపుతో తీరే సమస్య వేరు. కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఈ రెంటినీ కలిపేసుకోవడంలోనే.

మూడోది బొటనవేలు. పట్టు పెద్దగా సడలకుండా హ్యామర్ కొనను అందుకోగలగాలి. చిన్న చేతివారికి నాగలి పిడి ఇక్కడ సాయపడుతుంది; కిందికి దిగిన బిస్లీ హ్యామర్ కూడా సాయపడుతుంది. రెండు చేతులతో కాల్చేవారిలో చాలామంది హ్యామర్‌ను ఎడమచేతి బొటనవేలితో ఎక్కిస్తారు. 1980లలో కాలిఫోర్నియాలో మొదలైన కౌబాయ్ కాల్పుల పోటీల్లో ఇది సాధారణం. అలా చేసేవారికి కుడిచేతి పట్టు కదలనక్కర లేదు కాబట్టి, జారని పిడి ఉన్నా వేగం తగ్గదు.

ఇక తూటా బలం. .22కు, పోటీల కోసం తగ్గించి నింపిన .38, .45 తూటాలకు ఏ పిడి అయినా పనికివస్తుంది. అక్కడ సౌఖ్యం, అందం చూసుకోవచ్చు. మామూలు .45 కోల్ట్, .44 స్పెషల్, .357 మ్యాగ్నమ్‌లకు నాగలి పిడి లేదా ఆర్మీ పిడి సరిపోతాయి. .44 మ్యాగ్నమ్ దగ్గర సరిహద్దు మొదలవుతుంది. తుపాకీ బరువు కిలోకు పైగా ఉండి, రోజుకు కొద్ది తూటాలు మాత్రమే కాల్చేవారికి నాగలి పిడి చెల్లవచ్చు. ఎక్కువ కాల్చేవారికి డ్రాగూన్ తరహా పొడవు పిడో బిస్లీయో మేలు. .454 కసూల్‌కూ, అంతకు మించిన వాటికీ నాగలి పిడిని ఎంచుకోవడం చేతికి అన్యాయం చేయడమే.

మోసే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. నడుము ఒరలో రోజంతా ఉండే తుపాకీకి పొడవు పిడి మోచేతికి తగులుతుంది. వేటలో భుజం మీదుగా వేసుకునే ఒరకు ఆ చిక్కు లేదు. చలిలో చేతి తొడుగులు వేసుకునేవారు ట్రిగ్గర్ గార్డు ఖాళీని తొడుగుతోనే పరీక్షించాలి. వయసు మీదపడి కీళ్లనొప్పులున్నవారికి నేరుగా తోసే బిస్లీ కంటే, జారి తిరిగే నాగలి పిడి హాయినిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పుస్తక సూత్రం కంటే అరచేతి మాటకు విలువ ఇవ్వవలసిన చోటు ఇది.

పదార్థాలు

వాల్‌నట్ తొలినుంచీ ప్రామాణికం. తేలిక, గట్టిదనం, నూనె పీల్చుకునే గుణం దాని బలాలు. రోజ్‌వుడ్ దానికంటే బరువు, నునుపు ఎక్కువ. మన జిట్రేగి ఆ కుటుంబపు చెట్టే. గళ్లు చెక్కిన పలకలు పట్టును పెంచుతాయి; నునుపు పలకలు జారనిస్తాయి. నాగలి పిడి పనిచేసే తీరుకు నునుపే అనుకూలమని చాలామంది భావిస్తారు. బలమైన తన్ను ఉన్న తుపాకీకి గళ్లు మరీ పదునుగా ఉంటే చర్మం గీరుకుంటుంది.

ఎబొనైట్ చవక, దృఢం. పాతబడితే గోధుమరంగుకు తిరుగుతుంది. ఆధునిక మెత్తటి రబ్బరు పిడులు తన్నును కొంత మింగుతాయి. అయితే అవి చేతికి అతుక్కుంటాయి, బట్టకూ తగులుకుంటాయి. జారవలసిన పిడి జారకుండా చేస్తే వంపు ఉద్దేశం దెబ్బతింటుంది. మైకార్టా అనేది బట్టనో కాగితాన్నో రెసిన్‌తో పొరలుగా ఒత్తి చేసే పదార్థం. తడికి ఉబ్బదు, పగలదు. వేటగాళ్లలో దానికి ఆదరణ ఎక్కువ.

ఏనుగు దంతం ఒకప్పుడు హోదాకు గుర్తు. అమెరికా సేనాని జనరల్ జార్జ్ ప్యాటన్ 1916లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో కొన్న చెక్కడపు కోల్ట్‌కు దంతపు పలకలు ఉండేవి; వాటిపై ఆయన తన పేరు పొడి అక్షరాలు చెక్కించుకున్నాడు. వాటిని ముత్యపు చిప్ప పలకలుగా పొరబడేవారిని ఆయన గట్టిగా సరిదిద్దేవాడని ప్రతీతి. అంతర్జాతీయ దంతపు వ్యాపారంపై 1989లో నిషేధ నిర్ణయం జరిగింది. 2016లో అమెరికా దేశీయ వ్యాపారాన్ని కూడా దాదాపుగా నిలిపివేసింది. ఇప్పుడు దంతాన్ని తలపించే కృత్రిమ పలకలే వాడుకలో ఉన్నాయి. ఏనుగుల సంగతి చూస్తే ఇది ఆలస్యంగా జరిగిన మంచిపని.

దుప్పి కొమ్ము పిడుల్లో భారతదేశపు సాంబర్ జింక, అంటే కణితి, కొమ్ముకు ప్రత్యేక స్థానం ఉంది. అమెరికన్ జింకల కొమ్ముల కంటే ఇది లోపల గట్టిగా, తక్కువ గుజ్జుతో ఉంటుంది. పలకగా కోసినా పైన గరుకు గీతలు నిలుస్తాయి. భారతదేశం కొమ్ముల ఎగుమతిని నిషేధించాక పాత నిల్వల ధర బాగా పెరిగింది.

బిగింపు, మార్పిడి

పలకలు రెండు రకాలు. రెండు ముక్కల పలకలను ఇరువైపులా ఆనించి ఒక మరతో కలిపి బిగిస్తారు. అడుగున చిన్న మేకు వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వీటిని ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక ముక్క పిడిలో రెండు పలకలూ ఒకటిగా కలిసి ఉంటాయి, మర కనిపించదు. దాన్ని ఎక్కించాలంటే బ్యాక్‌స్ట్రాప్‌ను ఊడదీయాలి. 1873 నాటి సైనిక తుపాకులవి ఇవే.

ఒకే నమూనా తుపాకుల చట్రాల్లో కూడా సూక్ష్మమైన తేడాలుంటాయి. చట్రం అంచును చేత్తో సానపెట్టి పూర్తిచేస్తారు కాబట్టి కొత్త పలక అచ్చంగా కుదరకపోవచ్చు. అంచు కాస్త ఎత్తుగా ఉన్న పలకను కొని, ఇసుక కాగితంతో చట్రానికి సమం చేసుకోవడం మేలైన పద్ధతి. తక్కువగా ఉన్నదాన్ని పెంచలేం. మరను అతిగా బిగిస్తే పలక మధ్యలో చీలుతుంది.

గ్రిప్ ఫ్రేమునే మార్చడం వేరే స్థాయి పని. కోల్ట్ పద్ధతి తుపాకుల్లో హ్యామర్‌ను నడిపే బద్ద స్ప్రింగు ముందు పట్టీ అడుగున మరతో బిగి ఉంటుంది. రూగర్‌లో చుట్టల స్ప్రింగు. బిస్లీ చట్రానికి దాని హ్యామర్, ట్రిగ్గర్ కూడా అవసరమవుతాయి. అల్యూమినియం చట్రం స్థానంలో ఉక్కుది వేస్తే బరువు పెరిగి తన్ను తగ్గుతుంది, తూకం మాత్రం చేతి వైపు జరుగుతుంది. ఈ పని తుపాకీ మరమ్మతుదారు చేతుల మీదుగా జరగడం మంచిది. 1973కు ముందరి రూగర్లలోనూ, పాత పద్ధతి కోల్ట్‌లలోనూ హ్యామర్ కింద ఖాళీ గది ఉంచి ఐదు తూటాలే నింపాలన్న నియమం, ఏ పిడి వేసినా మారదు.

వెండితెర, భారతీయ సందర్భం

సింగిల్ యాక్షన్ పిడి ప్రపంచ ప్రేక్షకుల కంట పడింది సినిమాల వల్లే. 1959లో స్థాపితమైన ఊబర్టీ కంపెనీ నేవీ ప్రతిరూపాలతో మొదలై, ఇటలీలో తీసిన పాశ్చాత్య చిత్రాలకు తుపాకులను అందించింది. 1964 నాటి సెర్జియో లియోనీ చిత్రంలో క్లింట్ ఈస్ట్‌వుడ్ రివాల్వర్ పిడి మీద పొదిగిన వెండి పాము బొమ్మ, దానికి ముందు ఆయన నటించిన ‘రాహైడ్’ టెలివిజన్ ధారావాహిక నాటిదే. ఆ చిత్రాల ప్రభావంతో కృష్ణ కథానాయకుడిగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగులో కౌబాయ్ చిత్రాలకు నాంది పలికింది. చిరంజీవి ‘కొదమసింహం’ (1990), మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) ఆ వరుసలోవే. తెలుగు ప్రేక్షకులలో ఎక్కువమందికి ఈ ఆకారం పరిచయమైంది తెర మీదనే.

భారతదేశంలో రివాల్వర్ ఉంచుకోవడానికి 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల కింద లైసెన్సు తప్పనిసరి. ఇక్కడి ప్రభుత్వ కర్మాగారాల్లో పౌరుల కోసం తయారైన .32 రివాల్వర్ డబుల్ యాక్షన్ తరహాది. దాని వంశం బ్రిటన్‌కు చెందిన వెబ్లీ నుంచి వచ్చింది. దాంతో సింగిల్ యాక్షన్ పిడి ఎంపిక మీద చర్చ, దానికి సంబంధించిన వృత్తిపని, విడి భాగాల వ్యాపారం ప్రధానంగా అమెరికాలోనూ ఇటలీలోనూ సాగుతున్నాయి. అమెరికాలో స్థిరపడి, కాల్పుల మైదానాలకు వెళ్లే తెలుగువారికి ఇది ప్రత్యక్షంగా ఎదురయ్యే విషయం. అక్కడి నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. దంతం, కొమ్ము పలకలున్న తుపాకీని, పలకలను దేశం దాటించే ముందు వన్యప్రాణి చట్టాలను కూడా చూసుకోవాలి.